ఫస్టు షిఫ్టుకు గాలి

భూపాలపల్లిలో పొద్దున ఆరు గంటలకు చాలా దొరుకుతాయి. చాయ్ దొరుకుతుంది, పాల ప్యాకెట్లు దొరుకుతాయి, రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ కోసం వేడి పూరీ దొరుకుతుంది. సైకిల్ టైరుకు గాలి మాత్రం దొరకదు. పంక్చర్ షాపులు తొమ్మిది దాటితే గాని తెరుచుకోవు. పెట్రోలు బంకులో గాలి మిషను ఉంది కానీ దాని మూతి మోటారు బండ్ల కోసం చేసింది. సైకిల్ ట్యూబు వాల్వు మీద పెడితే పక్కల నుంచి బుస్సుమని పోతుంది తప్ప లోపలికి దిగదు.

నేను జనగామలో విలేకరిగా మొదలైన కాలంలో సైకిల్ షాపుల వాళ్ళు రాత్రి తలుపులు వేసి, పొడుగాటి ఇనుప పంపును మాత్రం బయట స్తంభానికి గొలుసుతో కట్టేసి పోయేవాళ్ళు. ఏ వేళకు ఎవరొచ్చినా కొట్టుకుని పోవచ్చు. ఎవరూ ఎవరినీ అడిగేది లేదు. ఆ పంపులు ఎప్పుడు మాయమయ్యాయో నాకు తెలియదు. వార్తలు రాసేవాళ్ళం జరిగినవే చూస్తాం. జరగడం మానేసినవి మా కంటికి ఆనవు.

ఆఫీసు నన్ను మహబూబాబాద్ నుంచి భూపాలపల్లికి బదిలీ చేసినప్పుడు ఇల్లు జనగామలోనే ఉంచి, ఇక్కడ ఊరి చివర వరుస గదుల్లో ఒకటి అద్దెకు తీసుకున్నాను. షుగరు ఉంది, నడవమని డాక్టరు చెప్పాడు. నడక నా వల్ల కాక సైకిల్ కొన్నాను. గది నుంచి ఆఫీసుకూ, ఆఫీసు నుంచి గదికీ దాని మీదే. నా సైకిల్ పక్కనే, అదే రేకు కింద, పక్క గదిలో ఉండే మనిషి సైకిల్ ఉండేది.

అతను కొడకండ్ల దగ్గరి తండా నుంచి వచ్చినవాడు. భార్యది బయ్యారం వైపు. వాళ్ళిద్దరూ తమలో తాము తమ భాషలో మాట్లాడుకునేవాళ్ళు, నేను కనపడగానే తెలుగులోకి మారేవాళ్ళు. ఆమె పత్తి చేలకు కూలికి పోయేది. అతనిది బొగ్గు గనిలో పని. ఇక్కడ గని అనరు, బాయి అంటారు. బాయిలో బొగ్గు తీసిన ఖాళీలను ఇసుకతో నింపుతారు. ఆ ఇసుక పోవడానికి వేసే ఇనుప పైపులను మోసి బిగించడం అతని పని. కంపెనీ ఉద్యోగం కాదు, కాంట్రాక్టరు కింద. ఏడింటికి మస్టర్ వేస్తారు, అంటే హాజరు. మస్టర్ పడితే లోపలికి దిగడం, పడకపోతే ఇంటికి రావడం. మోటారు సైకిల్ ఉంది గాని అది తండాలో తమ్ముడి దగ్గర ఉంది. వ్యవసాయానికి అక్కడ అది లేనిదే గడవదు.

వానాకాలంలో ఒక పొద్దున నేను పళ్ళు తోముకుంటుండగా అతను సైకిల్ నడిపించుకుంటూ తిరిగొచ్చాడు. వెనక టైరు నేలకు పరుచుకుని ఉంది.

"ఏంది తమ్మీ, వాపస్ వచ్చినవ్?" అని అడిగాను.

"గాలి పోయింది సారూ. లారీల తొవ్వ మీద నూకుకుంట ఉరికిన. నేను పోయేటాళ్ళకు మస్టర్ అయిపోయింది."

గుమ్మంలో జొన్నపిండి కలుపుతున్న భార్య తల ఎత్తకుండానే అంది. "సైకిల్‌ను పెండ్లాం కన్న ఎక్కువ తుడుస్తవు. గాలి ఉన్నదా లేదా సూడవు."

"పెండ్లానికైతే ఆ ఫికర్ లేదు గద. ఎప్పుడు సూసినా నోటి నిండ గాలే."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అతను నవ్వలేదు. సైకిల్‌ను రేకు కింద పెట్టి దాని ముందే కూర్చున్నాడు. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు ఉంటాడు, అతనేమన్నాడో చెప్పాడు. "ఇంకొక్కపారి లేటైతే గేటు పాస్ గుంజుకుంటనన్నడు సారూ. నీ జాగల నిలబడెటోళ్ళు గేటు కాడ లైను కట్టి ఉన్నరు, సూస్కో అన్నడు. అబద్దం గాదు. నిజంగనే కట్టి ఉన్నరు. నేను సుత గట్ల లైన్ల నిలబడే ఎక్కిన."

ఆ దారి నాకు తెలుసు. ఒక పక్క బొగ్గు లారీలు, ఇంకో పక్క కరెంటు ప్లాంటు బూడిద ట్యాంకర్లు. సైకిల్ మనిషికి మిగిలేది తారుకూ మట్టికీ మధ్య జానెడు అంచు. ఆ అంచు పొడుగునా సర్కారు తుమ్మ. వానకు కొమ్మలు వాలి, లారీల గాలికి ముళ్ళు రాలి, అంచు మీదే పడతాయి. ఆ ముల్లు దిగితే ఒక లాభం ఉంది. పీకకుండా వదిలేస్తే రంధ్రాన్ని అదే సగం మూసి ఉంచుతుంది, గాలి మెల్లగా పోతుంది. ఆగి మళ్ళీ గాలి కొట్టుకుంటే కొంత దూరం పోవచ్చు. పంక్చరు ఇంటికొచ్చాక వేసుకోవచ్చు. అంటే చేతిలో పంపు ఉంటే మస్టర్ తప్పదు. లేకపోతే తప్పుతుంది. అతని సంగతి అంతవరకే వచ్చి నిలిచింది.

నా దగ్గర మహబూబాబాద్‌లో ఉన్నప్పుడు కొన్న చేతి పంపు ఒకటి ఉంది. మూరెడు లేని ఉక్కు గొట్టం. దాన్ని ఇచ్చాను. అతను వాల్వుకు బిగించి, ఎడమ చేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. కుడి చేయి ఊరికే గొట్టాన్ని ఆనుకుని ఉంది. కాసేపటికి ఆపి బొటనవేలితో టైరును నొక్కాడు. మెత్తగా లోపలికి పోయింది. మళ్ళీ కొట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది గాని టైరు గట్టిపడలేదు.

"కుడి చేత్తోని కొట్టు," అన్నాను.

అతను భార్య వైపు చూశాడు. ఆమే చెప్పింది. "పైపు జారి బుజం మీద పడ్డది సారూ, ఎండకాలంల. మొయ్యడానికైతే ఎడమ బుజం మీదికి ఎత్తుకుంటడు. గిట్ల ముందుకెనక్కి ఆడియ్యాలంటే రాదు. సూపర్‌వైజరుకు ఎరుకైతే ఆ దినమే పంపిస్తడు. మీరు ఎవలికి చెప్పకుండ్రి."

"నేను పేపరోన్ని గద, నాకెందుకు చెప్పినవ్?" అన్నాను.

"మీ పేపర్ల నిజం వస్తదా ఏంది," అంది ఆమె.

తర్వాత ఇంటి ఓనరు కాలి పంపు ఒకటి ఇచ్చాడు. తొక్కే పంపు. తొక్కడానికి భుజంతో పని లేదు, కానీ అది గట్టి నేల అడుగుతుంది. దారి అంచున బురదలో పెట్టి తొక్కితే పంపు దిగబడుతుంది, టైరుకు ఏమీ ఎక్కదు. పైగా క్యారియర్ మీద కట్టుకుపోతే గుంతలకు స్ప్రింగు ఊడి వచ్చింది. రెండు రోజులు మోసి తిరిగిచ్చేశాడు.

బాయి దగ్గర ఎవరో ఫోనులో బ్యాటరీ పంపు చూపించారట. "మీట నొక్కితే అదే కొడుతదంట సారూ. చెయ్యి ఆడియ్యాల్సిన పనే లేదంట. మంచిగుంటదా?" అని వచ్చి అడిగాడు. చార్జింగు పెట్టాల్సిన వస్తువంటే నాకు నమ్మకం తక్కువ. అవసరమైన రోజే అది చచ్చి ఉంటుందని నా అనుభవం. అదే చెప్పాను. కానీ ఆ భుజానికి నా దగ్గర వేరే జవాబు లేదు.

ఆదివారం నేను జనగామలో ఇంటి దగ్గర ఉన్నాను. అతను తండాకు వచ్చి తిరిగి పోతూ జనగామలో బస్సు దిగాడు. ఇద్దరం కలిసి ఒక సైకిల్ షాపుకు పోయాం. షాపాయన నాకంటే పెద్దవాడు, మాటకారి. గిరాకీ లేదు. ఒక రైతు మాత్రం తన సైకిల్‌కు టైరు మార్పించుకుంటూ స్టూలు మీద కూర్చున్నాడు.

"గాలిపంపు కావాలె కాకా. సంచిల పట్టాలె," అన్నాడు మా మనిషి.

"ఎసొంటి సంచి? బడి సంచా, బట్టల సంచా?"

"గిన్నె సంచి."

"అన్నం తోని పాటు గాలి సుత కట్టుకపోతవా? మస్తుగున్నది," అని షాపాయన లోపలికి పోయి మూడు నాలుగు రకాలు తెచ్చి బల్ల మీద పరిచాడు.

సన్నటి అల్యూమినియం పంపు ఒకటి చేతిలో పెట్టాడు. తేలిగ్గా ఉంది. కానీ దానికి ఒక చేత్తో మూతి పట్టుకోవాలి, రెండో చేత్తో కొట్టాలి. అతను ఒకసారి లాగి కింద పెట్టాడు. సైకిల్ రాడ్డుకు బిగించుకునేది ఇంకొకటి చూపించాడు. "స్టాండ్ల గంటలే ఇప్పుకపోతరు కాకా. గిది ఇడుస్తరా?" అన్నాడు మా మనిషి. చివరికి షాపాయన అట్టపెట్టెలో నుంచి నీళ్ళ గ్లాసంత నల్లటి డబ్బా తీశాడు.

స్టూలు మీది రైతు మెడ చాచి చూశాడు. "గదేంది, గడ్డం గీసుకునే మిషనా?"

"గాలి కొట్టే మిషను పటేలా."

"ఇగ ముద్ద నోట్ల పెట్టే మిషను సుత వస్తదేమో."

"వచ్చింది. నీకు ఇంట్లున్నది గద, రోజు పెడుతనే ఉన్నది," అన్నాడు షాపాయన. రైతు నవ్వి మీసం తుడుచుకున్నాడు.

నేను అడగాల్సినవన్నీ అడిగాను. ముప్పై ఏళ్ళు ప్రశ్నలతోనే బతికాను గనక అది అలవాటు. ఒకసారి చార్జింగు పెడితే ఎన్నిసార్లు కొడుతుంది, వానకు తడిస్తే ఏమవుతుంది, కింద పడితే పగులుతుందా, సైకిల్ వాల్వుకు సరిపోతుందా. చివరి ప్రశ్నకు షాపాయన డ్రాయరు వెతికి చిన్న ఇత్తడి ముక్క ఒకటి తీశాడు. దాన్ని ముందు వాల్వుకు ఎక్కించి, దాని మీద డబ్బా గొట్టం బిగించాలి. షాపులోనే ఉన్న ఒక పాత సైకిల్ మీద బిగించి మీట నొక్కాడు. డబ్బా గుర్రుమంది. మా మనిషి దాన్ని ఎడమ అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కుడి చేయి ఒళ్ళో ఉంది. కళ్ళముందే టైరు లేచింది. బొటనవేలితో నొక్కి, "రాయి లెక్కయింది," అన్నాడు.

భార్యకు ఫోనులో చూపించాడు. ఆమె మొదట తమ భాషలో ఏదో అడిగింది. తర్వాత షాపాయన వినేలా తెలుగులో అడిగింది. "అది పేలదు గద?"

"పేలదమ్మా. దాంట్ల ఉన్నది ఫోన్ బ్యాటరీ అసొంటిదే. ఫోన్ జేబుల పెట్టుకుంటలేడా?" అన్నాడు షాపాయన.

ఫోన్ బ్యాటరీ లాంటిదే. ఆ మాట మేమందరం విన్నాం. అతను విన్నాడు, నేను విన్నాను, అటువైపు ఆమె విన్నది. విని ఊరుకున్నాం. ఆ మాటతో అందరికీ ధైర్యం వచ్చింది.

ఇక్కడ బాయి మూతి దగ్గరి పద్ధతి కొంచెం చెప్పాలి. లోపలి గాలిలో మండే వాయువు ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని బీడీ, అగ్గిపెట్టె, ఫోను, బ్యాటరీ గడియారం, ఏదీ లోపలికి పోకూడదు. దిగే ముందు ఒక మనిషి ప్రతివాడి జేబులూ సంచీ తడిమి చూస్తాడు. అతన్ని సర్చర్ అంటారు. కార్మికులు అంతదాకా రానివ్వరు. గేటు బయట ఒక ఆమె చాయ్ హోటల్ ఉంది. అందరూ అక్క అంటారు. ఎవరి వస్తువులు వాళ్ళు చేతిరుమాలులో ముడి వేసి ఆమె దగ్గర ఉన్న పెద్ద గిన్నెలో పడేసి పోతారు. షిఫ్టు దిగి వచ్చి ఎవరి ముడి వాళ్ళు తీసుకుంటారు. ఒకరిది ఒకరు పొరపాటున కూడా ముట్టరు. మొదటిసారి ఆ గిన్నెను చూసినప్పుడు నేను దాని మీద చిన్న వార్త కూడా రాశాను.

మా మనిషి ఫోను ముడి వేసి గిన్నెలో పెట్టేవాడు. పంపును మాత్రం గిన్నెలో కాదు, హోటల్ వెనక సైకిల్ పెట్టి, లోపల అక్క బియ్యం డబ్బా మీద పెట్టేవాడు. ఫోను రూలు కోసం. పంపు దొంగల కోసం. అతని మనసులో ఆ రెండూ వేర్వేరు సంగతులు. ఒకటి బాయికి సంబంధించింది, ఇంకొకటి సైకిల్‌కు సంబంధించింది.

వర్షాలు తగ్గేదాకా అంతా బాగానే నడిచింది. మస్టర్ ఒక్కరోజూ తప్పలేదు. దారిలో పాలమనిషి సైకిల్ ఆగిపోతే గాలి పెట్టాడట. తోటి పనివాళ్ళకు పెట్టాడట. "గాలి డాక్టర్" అని పేరు పెట్టారు. "డాక్టర్ సాబ్, నా కడుపుల సుత జర గాలెక్కువైంది, తీస్తవా?" అని ఎవరో అన్నారని చెప్పి తనే నవ్వేవాడు. రాత్రి పూట గోడ దగ్గర పంపు చార్జింగుకు పెట్టి ఉండేది. చిన్న ఆకుపచ్చ దీపం. భార్య దాని మీద దుమ్ము పడకుండా గిన్నె బోర్లించేది.

దసరా పోయిన తర్వాత ఒక రోజు నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే అతని సైకిల్ రేకు కింద ఉంది. టైర్లు గట్టిగానే ఉన్నాయి. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆమె పత్తికి పోలేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది.

"పాస్ తీస్కున్నరు సారూ," అంది.

తర్వాతిది అతను చెప్పిందీ, నేను ఆ రోజూ మరునాడూ అడిగి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

దారిలో వెనక టైరు మెత్తబడింది. దిగి చూస్తే ముల్లు. పీకలేదు. పంపు బిగించి గాలి పెట్టుకుని ఎక్కి తొక్కాడు. ఏడుకు కొంచెం ముందే గేటు దగ్గరికి చేరాడు. హోటల్ మూసి ఉంది. పుట్టింట్లో చావు జరిగి అక్క ముందు రోజు సాయంత్రమే ఊరికి పోయింది. స్కూటర్లున్న వాళ్ళు తమ ఫోన్లూ తోటివాళ్ళ ఫోన్లూ సీటు కింద పెట్టి తాళాలు వేస్తున్నారు. అతను కూడా తన ఫోను ఒకతనికి ఇచ్చాడు. "ఇంకేమన్న ఉన్నయా?" అని అతను అడిగాడు. "ఏం లేవు," అన్నాడు మా మనిషి. అబద్ధం చెప్పలేదు. అతని లెక్కలో ఏమీ లేవు. బీడీ తాగడు, గడియారం లేదు, ఫోను ఇచ్చేశాడు. పంపు గిన్నె సంచిలో తువ్వాలు కింద ఉంది. గాలి పెట్టుకున్న తొందరలో తనే పెట్టాడు.

మస్టర్ పడింది. నిప్పురవ్వ బయటికి రాకుండా చేసి కంపెనీ ఇచ్చే టోపీ దీపం తీసుకున్నాడు. లైనులో నిలబడ్డాడు. సర్చర్ సంచి తడిమి, తువ్వాలు తీసి, నల్ల డబ్బా బయటికి తీశాడు.

"గిదేంది?"

"గాలిపంపు అన్నా. సైకిల్‌ది."

"గొట్టమేది, కట్టె ఏది? చేత్తోని ఎట్ల కొడుతరు దీన్ని?"

"చేత్తోని కాదన్నా. మీట నొక్కితే అదే..." అంటూ వేలు మీట మీదికి పోనిచ్చి ఆగిపోయాడు. "బ్యాటరీ," అన్నాడు. ఆ మాట అతని నోటి నుంచే వచ్చింది. అప్పటిదాకా తనకు తట్టలేదని, ఆ మాట అంటుంటేనే తెలిసిందని నాకు చెప్పాడు. వెనక నిలబడ్డవాళ్ళు ఒక అడుగు వెనక్కి జరిగారట. రోజూ డాక్టర్ సాబ్ అని పిలిచినవాళ్ళే.

అధికారి వచ్చాడు, సూపర్‌వైజరు వచ్చాడు. పంపును రెండు చేతులా ఛాతీ దగ్గర పట్టుకోమని ఫొటో తీశారు. కుడి చేయి అంతదాకా లేవలేదు. "సక్కగ పట్టుకో," అన్నాడు సూపర్‌వైజరు. లేవలేదు. అప్పుడు భుజం సంగతి కూడా తెలిసిపోయింది.

నేను ఫోను చేయగల వాళ్ళకు చేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో సంపాదించింది ఆ నంబర్లే. ఒక పెద్ద అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "మీరు లోపలి ప్రమాదాల వార్తలు రాసినవాళ్ళే కదండీ. ఇలాంటి వస్తువు ఒకటి లోపలికి పోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? కంపెనీ మనిషైతే విచారణ ఉంటుంది. అతను కాంట్రాక్టరు మనిషి. కాంట్రాక్టరు తీసేశాడు. నేను చేయగలిగింది లేదు," అన్నాడు. నిజమే. అలాంటి వార్తలు రాశాను. స్ట్రెచర్లు పైకి వచ్చేదాకా గేటు దగ్గర ఆడవాళ్ళతో పాటు నిలబడ్డాను.

మరునాడు అక్క హోటల్ తెరిచింది. నేను పోయేసరికి సర్చర్ అక్కడే చాయ్ తాగుతున్నాడు. అతనిది పక్షవాతం వచ్చి తగ్గిన మనిషి నడక. అక్క అతన్ని తిడుతోంది.

"కండ్లు మూస్కుంటే నీ సొమ్మేం పోయేదిరా? నాకాడ పెడుతుండె గద రోజు. నేను లేకుంటనే గిట్లయింది."

"మూస్కునుడే నా పనా అక్కా? అదే షిఫ్టుల నా తమ్ముడు దిగిండు. రేపు ఏమన్న అయితే, నేను సూసి ఇడిసిపెట్టిన్నని నా మరదలికి నువ్వు చెప్తవా?"

ఆమె గ్లాసులు కడగడానికి పోయింది. సర్చర్ నా వైపు తిరిగాడు. "సారూ, జర ఆలోచించుండ్రి. ఆయన దాస్తే నాకు కోపం వచ్చు. దాయలే. అదే బాధ."

ఆ సాయంత్రం ఇక్కడి మా కంట్రిబ్యూటరు, అంటే స్థానిక విలేకరి, నాకు రెండు లైన్ల వార్త పంపాడు. బాయిలోకి బ్యాటరీ పరికరం, కార్మికుడి తొలగింపు. పేరు తీసేసి పంపాను. పేరు లేని వార్త ఎందుకని డెస్కు వాళ్ళు పక్కన పెట్టేశారు. అది రాకపోతే అతనికి ఇంకో బాయిలో పని దొరుకుతుందని నేను అనుకున్నాను. అతను ఇంకో బాయికి పోయాడు. అక్కడి సూపర్‌వైజరు ముఖం చూసి, ఫోను తీసి, ఫొటో చూపించాడు. వంకరగా పట్టుకున్న నల్ల డబ్బా, కిందికి వాలిన కుడి భుజం. కాంట్రాక్టర్ల గ్రూపుల్లో అప్పటికే తిరిగింది. "నువ్వేనా గిది?" అన్నాడట. "నేనే," అని తిరిగొచ్చాడు. బూడిద లోడింగుకు పోయి అడిగితే చేయి పైకెత్తి చూపమన్నారు.

కొన్నాళ్ళు ఆమె ఒక్కతే పనికి పోయింది. అతను వండి పెట్టేవాడు. పొద్దున అలవాటుగా ఐదింటికి లేచేవాడు. లేచి చేసేది లేక రేకు కింద సైకిల్ తుడిచేవాడు. మొదట్లో నేను పలకరించేవాణ్ణి. తర్వాత తల ఊపి పోయేవాణ్ణి. భార్యాభర్తలిద్దరి మధ్యా తమ భాషలో మాటలు తగ్గిపోయాయి. ఒకరోజు గోడ అవతల నుంచి ఆమె గొంతు వినపడింది. తెలుగులోనే అంది, బహుశా నాకు వినపడాలనే. "ఎవలన్న సచ్చిండ్రా, గట్ల కూసున్నవ్. పని పోయింది, పానం పోలే."

పత్తి అయిపోయింది. మిర్చి ఏరే కాలం వచ్చింది. ఆమె పుట్టింటి వైపు మిర్చి తోటలు ఎక్కువ. కాయలు తెంపడానికి వేళ్ళు చాలు, భుజంతో పని లేదని ఆమే తేల్చింది. ఓనరుకు చెప్పి గది ఖాళీ చేశారు. పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చింది. మంచం, గిన్నెలు, బియ్యం డబ్బా, బట్టల మూటలు ఎక్కించారు. సైకిల్ పైన పడుకోబెట్టి ఆమే తాడు లాగి కట్టింది. పంపు రాలేదు. అది గేటు దగ్గరే ఉండిపోయింది. అడగడానికి అతను పోలేదు, అడగమని నాతోనూ అనలేదు.

నేను బయటికొచ్చి నిలబడ్డాను. అతను దగ్గరికి వచ్చాడు.

"సారూ, మీరు పేపరోళ్ళు. మీకు ఎరుకుంటది. బయ్యారంల ఇనుప రాయి తవ్వుతరంటరు గద. బాయిలు పడ్తయా?"

మహబూబాబాద్‌లో ఉన్నన్నాళ్ళు ఆ వార్త నేను చాలాసార్లు రాశాను. ఎవరో వచ్చి కొలిచి పోయేవాళ్ళు, ఎవరో వచ్చి మాట ఇచ్చి పోయేవాళ్ళు. ప్రతి వార్తలోనూ త్వరలో అనే మాట పెట్టాను. నేను పెట్టినప్పుడల్లా డెస్కు దాన్ని అట్లాగే ఉంచింది.

"తెల్వది తమ్మీ," అన్నాను.

"ఇనుము బాయిల గ్యాస్ ఉండదంట. ఫోన్ సుత తీస్కపోవచ్చంట సారూ. సర్చింగే ఉండదంట."

"ఎక్కు, ఎండయితది," అని ఆటోలో నుంచి ఆమె పిలిచింది.

అతను వెనక చెక్క దగ్గరికి పోయాడు. కుడి చేయి చాపి, మధ్యలో ఆపి, దించాడు. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కి మూటల మధ్య కూర్చున్నాడు. ఆటో కదిలింది.